రూతమ్మ బరువు

పొద్దున ఏడున్నరకు శివజ్యోతి పిల్లలిద్దరినీ తీసుకొచ్చి హజరత్ వలి ఇంటి అరుగు మీద దించుతుంది. ఐదేళ్ల దానియేలు నడిచి వస్తాడు. మూడేళ్ల రూతమ్మ తల్లి చంకలో వస్తుంది. వెంట ఒక సంచి, అందులో రెండు జతల గుడ్డలు, నీళ్ల సీసా, సంగటి గిన్నె. "పోయొస్తా మామా" అని శివజ్యోతి తల తిప్పకుండా వెళ్లిపోతుంది. కల్లూరు సందు చివర షేర్ ఆటోవాడు హారను మీద చెయ్యి తీయడు. ఉల్లిగడ్డలు ఏరే చోటికి ఎనిమిదికల్లా చేరకపోతే ఆ రోజు పని లేదు.

అప్పటినుంచి సాయంత్రం ఆరుదాకా ఆ ఇద్దరూ వలివాళ్లే.

వలి ముప్పై ఏళ్లు పాలిష్ బండల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. బండలకన్నా పిల్లలే కష్టమని అరవై నాలుగేళ్ల వయసులో తెలిసింది. బండ పెట్టినచోట ఉంటుంది, దానియేలు ఉండడు. ఒకరోజు నీళ్ల డ్రమ్ములో దిగి చేపనన్నాడు. ఒకరోజు ఎదురింటి కోడిని పట్టుకొచ్చి బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాడు, గుడ్లు నేరుగా డబ్బాలోనే పెడుతుందట. మధ్యాహ్నానికి వలి మోకాళ్లు పట్టేసేవి. అయినా తిన్నాక ఆ పిల్లోడు వచ్చి ఒళ్లో తలపెట్టి, "తాతా, నీ గడ్డంలో చీమలుంటాయా?" అని అడిగి, జవాబు వినకుండానే నిద్రపోతే వలికి ఏదో చల్లగా ఉండేది. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. ఆ ఇంట్లో ఇంకొకరి ఊపిరి వినపడి అన్నేళ్లయింది.

రూతమ్మ సంగతి వేరు. తనను ఎత్తుకున్న మనిషి అబద్ధం చెప్పినా, చెప్పాల్సింది కడుపులో దాచుకున్నా ఆ పిల్ల బరువెక్కుతుంది. పుట్టిన మూడోరోజు మేనత్త ఎత్తుకొని, "ఆడపిల్లయితే ఏమి, మాకు శానా సంతోషం" అంది. అన్న మాట ముగియకముందే చేతులు కిందికి లాగేసి మంచం మీద కూలబడింది. అప్పటినుంచీ అంతే. సందులో దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఒకరి పిల్లకు మేనమామ ముక్కు వస్తుంది, ఒకరి పిల్లకు ఎండ పడదు, ఈ పిల్లకు బరువు. అంతే అనుకున్నారు. కాకపోతే ముద్దుగా ఉందని ఊరికే ఎత్తుకునేవాళ్లు తగ్గారు.

ఎదురింటి సోమక్క మాత్రం వాడుకునేది. బొరుగులు వేయించే బాణలి దించి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది.

"మామా, ఒక్క గడియ పిల్లనియ్యి. మా ఆయన అహోబిలం పోయొచ్చినా అంటాండాడు. బొట్టు కూడా పెట్టుకొచ్చినాడు, ఆ యాక్షను చూసి నాకు నమ్మబుద్ధి కాలా."

తీసుకుపోయి మొగుడు పెద్ద ఈరన్న ఒళ్లో కూర్చోబెట్టేది. కాసేపటికి ఎదురింట్లోంచి కేక వినపడేది. "ఓయమ్మో, తొడ విరిగిపాయె! తీయవే! నంద్యాల దాకే పోయినా, పేకాటకు పోయినా, తీయవే తల్లీ!"

రూతమ్మ చేతినిండా బొరుగులతో తిరిగి వచ్చేది.

పిల్లల్ని చూసుకునేవాడికి అబద్ధాలు లేకపోతే పొద్దు గడవదు. బిస్కెట్లు అయిపోయాయి, పిల్లి వచ్చి చెవి కొరుకుతుంది, అమ్మ ఆటో ఎక్కింది వచ్చేస్తాండాది. రోజుకు ఇలాంటివి ఇరవై కావాలి. మొదట్లో రూతమ్మను చంకలో పెట్టుకొని ఇవి చెప్పేసరికి వలి నడుం పట్టేసింది. తర్వాత పిల్లను దించి అబద్ధం చెప్పి, మళ్లీ ఎత్తుకోవడం నేర్చుకున్నాడు.

అయినా బరువు తగ్గలేదు. నోరు మూసుకొని ఎత్తుకున్నా అరమూట బియ్యమంత ఉండేది. వారం వారం ఇంకో గుప్పెడు పెరిగేది. నడుం పాడయిందని ఆముదం రాసుకున్నాడు. వయసయిందని సోమక్కతో అన్నాడు. సోమక్క పిల్లవైపు ఒకసారి, వలివైపు ఒకసారి చూసి, బాణలి దగ్గరికి వెళ్లిపోయింది.

పిల్లల తండ్రి జయరాజ్ కడప జైల్లో ఉన్నాడు.

జయరాజ్ ఆ ఫ్యాక్టరీలోనే క్రేను నడిపేవాడు. వలి బండల మీద సుద్దతో కొలతలు వేసేవాడు. వయసులో ముప్పై ఏళ్లు తేడా ఉన్నా పన్నెండేళ్లు ఒకే చోట కూర్చొని, ఒకరి గిన్నెలోది ఒకరు తిన్నారు. వలికి అప్పట్లో అంకెలు తప్ప అక్షరాలు రావు. కరెంటు పోయిన నైట్ షిఫ్టుల్లో జయరాజే లాంతరు పెట్టి, పాలిష్ చేయని బండ మీద సుద్దముక్కతో ఆయన చేత అక్షరాలు దిద్దించాడు. ఏడాదికి చదవడం వచ్చింది, కూడబలుక్కుంటూ. సంతకం మాత్రం దర్జాగా వచ్చింది. 'లి' మీద గుడిని పాగా చుట్టినట్టు రెండు చుట్లు తిప్పేవాడు. "ఒక చుట్టు శాలు మామా, నవాబువా ఏమన్నా?" అని జయరాజ్ నవ్వేవాడు.

ఆరు నెలల కింద క్రేను ఇనప తాడు తెగింది. బండ రామాంజి అనే కూలీ మీద పడింది. రామాంజి బతకలేదు. తాడు పురులు విప్పుకుంటోందని జయరాజ్ అంతకుముందే యజమాని వీరభద్రకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ వలి పక్కనే ఉన్నాడు. కానీ తాడు కొత్తదని, జయరాజ్ తాగి క్రేను తోలాడని కేసయింది.

వీరభద్ర పేరెత్తితే వలికి కళ్లలో నిప్పులు కురుస్తాయి. ఆ కక్షను పిల్లలకు అన్నంతో పాటు పెట్టాడు. సంగటి ముద్ద చేసి, ఊరిమిండి పచ్చడిలో అద్ది, "ఇది వీరభద్ర తలకాయ. ఆఁ అను!" అనేవాడు. దానియేలు లటుక్కున మింగేవాడు.

"ఇదేంది తాతా?"

"ఇది వాని కుడిచెయ్యి."

"ఎడమచెయ్యి పెద్దది చెయ్యి తాతా, నాకు ఆకలవుతాండాది!"

పెరటి గోడ మీద బొగ్గుతో మీసాల బొమ్మ గీశారు. పాత చెప్పుతో దాన్ని కొట్టడం మధ్యాహ్నం ఆట. మూతికి తగిలితే పల్లీబెల్లం ఉండ. వలి కూడా విసిరేవాడు, పిల్లోడికన్నా గట్టిగా. రూతమ్మ ఆ ఆటకు రాదు. వలి ఒళ్లో కూర్చొని ఆయన మొహంలోకే చూసేది. ఆ చూపు కింద తొడలు తిమ్మిరెక్కేవి.

ఇలా ఉండగా వీరభద్ర హైవే పక్కన కొత్త షోరూము కట్టాడని, శుక్రవారం ప్రారంభమని, సీఐగారు కూడా వస్తున్నారని సందులోకి కరపత్రం వచ్చింది. దాన్ని కూడబలుక్కుని చదువుతుంటే వలికి ఒక ఆలోచన వచ్చింది. ఎంత చక్కటి ఆలోచన అంటే, ఆయన పెరట్లోకి వెళ్లి ఒక్కడే నవ్వుకున్నాడు.

పిల్లను తీసుకుపోయి వాని ఒళ్లో కూర్చోబెడితే చాలు.

బుధవారం మధ్యాహ్నం రిహార్సలు వేశాడు. రూతమ్మను ఎత్తుకొని ఆటో స్టాండుకు బయలుదేరాడు. పది అడుగులకు చెమటలు పట్టాయి. పదిహేనో అడుగుకు మోకాళ్లు వంగాయి. ఇరవయ్యో అడుగుకు సోమక్క అరుగు మీద కూలబడ్డాడు.

"యాడికి మామా, ఎండలో?"

"వీరభద్ర దగ్గరికి. వాని ఒళ్లో ఈ పిల్లను పెట్టల్ల. కానీ నడుం..."

"నడుమా?" సోమక్క బొరుగులు చెరుగుతూ అంది. "నిన్న ఆ నీళ్ల డ్రమ్ము ఒక్కనివే పక్కకు జరిపినావు, నేను చూస్తినిలే. నీ నడుముకేమైంది?"

వలి మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

"ఆ పిల్ల తూచేది నడుమును కాదు మామా" అంది సోమక్క, ఈసారి మెల్లగా.

పిల్లను నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. ఆ రోజు చెప్పు ఆట ఆడలేదు. దానియేలు గోల చేస్తే, "చెప్పు పోయింది" అన్నాడు. చెప్పు ఆయన కాలికే ఉంది.

మరునాడు గురువారం జైల్లో ములాఖత్. శివజ్యోతి తెల్లవారి బస్సుకు కడప వెళ్లి, సాయంత్రం ఐదింటికి తిరిగి వచ్చింది. అరుగు మీద కూర్చొని నీళ్లు తాగింది. దానియేలు ఎదురింట్లో బొరుగులు తింటున్నాడు. రూతమ్మ వలి ఒళ్లో ఉంది.

"ఎట్లుండాడమ్మా?"

"ఉండాడు. చిక్కినాడు."

"జ్యోతీ, రేపు నాతో రావల్ల. వీరభద్ర షోరూము కాడికి. పిల్లను నువ్వెత్తుకో. వాని ఒళ్లో పెట్టి చూద్దాం, ఎట్ల లేస్తాడో. నేను మోయలేకపోతాండా."

శివజ్యోతి నీళ్ల చెంబు పక్కన పెట్టింది. "ఎందుకు మోయలేవు?"

"నడుం..."

తొడ మీద గుండ్రాయి పెట్టినట్టయింది. అరుగు బండ కిరకిరమంది. వలి నోరు తెరిచి ఊపిరి పీల్చుకున్నాడు. లేవాలని చూశాడు, కాలు కదల్లేదు. రూతమ్మ ఆయన గడ్డం పట్టుకొని ఊరికే లాగుతోంది.

ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. వేలిముద్ర వేసేవాడికి గుమాస్తా కాగితం మొత్తం పైకి చదివి వినిపించాలి. సంతకం వచ్చినవాడికి చదవరు, వాడే చదువుకుంటాడని. రామాంజి పోయిన సాయంత్రం గుమాస్తా కాగితం ముందు పెట్టి, సిరాపెట్టె తెరిచి, "వేలు పెట్టు వలీ" అన్నాడు. చుట్టూ కుర్రవాళ్లున్నారు. వలికి రోషం వచ్చింది. "నాకు సంతకం వచ్చప్పా" అని పెన్ను లాక్కున్నాడు. కాగితం నిండా చిన్న అక్షరాలు. చదవాలంటే గంట పడుతుంది, అందరూ చూస్తున్నారు. చదివినట్టు పైనుంచి కిందికి తల ఆడించి, రెండు చుట్ల పాగాతో సంతకం పెట్టాడు.

మరునాడు జయరాజ్‌ను పోలీసులు తీసుకుపోయాక గుమాస్తానే చెప్పాడు. "అన్నిట్లోకీ నీ సాక్ష్యమే గట్టిది వలీ. కళ్లారా చూసినా, జయరాజ్ తాగి ఉన్నాడు అని రాసుండాది దాంట్లో."

ఆ రోజే వలి పని మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పలేదు. స్నేహితుని పిల్లల్ని చూసుకుంటానన్నాడు. అందరూ మెచ్చుకున్నారు.

ఇదంతా ఇప్పుడు శివజ్యోతికి చెప్పాడు. ఒక్కో మాటకూ రొప్పుతూ, తల దించుకొని, చివరిదాకా చెప్పాడు. "నా సంతకమేనమ్మా నీ మొగున్ని లోపలేసింది. వీరభద్ర కాదు. నేను."

చెప్పి చూసుకుంటే ఒళ్లో ఏమీ లేనట్టుంది. పిల్ల ఎటో పోయిందని ఉలిక్కిపడి చెయ్యి వేశాడు. రూతమ్మ ఉంది. ఏకిన దూదిలా ఉంది.

శివజ్యోతి ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"మొదటి ములాఖత్ నుంచి. వకీలు కాగితం చూపిస్తే ఆయన గుర్తుపట్టినాడు. 'రెండు చుట్లు తిప్పినాడు జ్యోతీ, నేను నేర్పిందే' అన్నాడు. నిన్ను ఏమీ అనొద్దన్నాడు. ముసలోడు చదివుండడు అన్నాడు."

"మరి తెలిసీ పిల్లల్ని నా దగ్గర..."

"ఇంకెవరి దగ్గర వదలల్ల?" శివజ్యోతి గొంతు అప్పుడు మారింది. "మా అక్క ఉండాది కోడుమూరులో. పంపియ్యమనింది. నేనే పంపలా. ఈ పిల్లను నీ ఒళ్లో పెట్టిపోవల్ల అనుకున్నా. రోజూ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఎన్నాళ్లు మోస్తావో చూద్దామని. నీ నడుం విరిగితే నాకు నిద్ర పడుతుందనుకున్నా మామా. ఆటోలో కూర్చొని అదే తల్చుకుంటా పోతాంటి."

ఆరు నెలలుగా తను పిల్లలకు ముద్దలు చేసి తినిపించిన కక్ష ఎంత పిల్లకక్షో వలికి అప్పుడు తెలిసింది. అసలైనది రోజూ ఏడున్నరకు తన అరుగు మీదికి నడిచి వచ్చింది.

"ఇప్పుడు మోయగలవు కదా" అంది శివజ్యోతి లేస్తూ. "రేపు నువ్వే ఎత్తుకో. నేను పక్కన నడుస్తా."

షోరూము ముందు షామియానా వేశారు. లోపల నేలంతా అద్దంలాంటి బండలు. వీరభద్ర తెల్లబట్టలు కట్టుకొని, నగిషీ చెక్కిన కుర్చీలో కూర్చున్నాడు. పక్కన సీఐ. పదకొండూ పదికి దీపం వెలిగించాలని అయ్యవారు తొందర పెడుతున్నాడు. ఫొటోలవాడు తిరుగుతున్నాడు.

వలి రూతమ్మను భుజం మీద వేసుకొని, దానియేలు చెయ్యి పట్టుకొని నేరుగా నడిచాడు. "సారూ, జయరాజ్ పిల్లలు. మీ ఆశీర్వాదానికి తెచ్చినా."

వీరభద్ర మొహం ఒక్క క్షణం మాడింది. కానీ అందరూ చూస్తున్నారు, ఫొటోలవాడు కెమెరా ఎత్తాడు. చేతులు చాచి పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. సీఐ వైపు తిరిగి, "పాపం సార్, తండ్రి చేసినదానికి పిల్లలేం చేస్తారు? వీళ్ల బాగోగులన్నీ నేనే చూసుకుంటాండా" అన్నాడు.

కుర్చీ మూలిగింది.

వీరభద్ర మీసం సరిచేసుకోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది. పిల్లను దించబోయాడు. రాలేదు. లేవబోయాడు. కాలేదు. కుర్చీ కాళ్ల కింద అద్దంలాంటి బండ టప్పున పగిలింది.

"లడ్డు" అంది రూతమ్మ.

ఇద్దరు కూలీలు వచ్చి పిల్లను ఎత్తబోయారు. వాళ్లూ అలాంటి సాక్ష్యం కాగితాల కింద వేలిముద్రలు వేసినవాళ్లే, పైగా చదివించుకొని మరీ వేసినవాళ్లు. వాళ్ల చేతులు పడగానే కుర్చీ ఇంకో బెత్తెడు దిగింది. గుమాస్తా పరిగెత్తుకొచ్చి చెయ్యి వేశాడు. రెండో బండ, మూడో బండ పగిలాయి. "మీరంతా దూరం పోండ్రా!" అని వీరభద్ర అరిచాడు.

"ముహూర్తం దాటిపోతాంది సామీ" అన్నాడు అయ్యవారు.

వలి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని వీరభద్రకు ఎదురుగా కూర్చున్నాడు. పళ్లెంలోంచి రెండు లడ్లు తీసి ఒకటి దానియేలుకు ఇచ్చి, ఒకటి తాను కొరికాడు.

"వలీ, ఎత్తుకోప్పా. నువ్వే తెచ్చినావు కదా, ఎత్తుకో."

"ఎత్తగలను సారూ. ఎత్తను." వలి నిదానంగా నమిలాడు. "తాడు కొత్తదా, పాతదా?"

"కొత్తదే..." కుర్చీ వెనక కాలు ఒకటి విరిగింది. వీరభద్ర మొహం వంకాయ రంగుకు తిరిగింది. "పాతది! పాతది!"

"తెగుతాదని జయరాజ్ చెప్పినాడా?"

"చెప్పినాడు. ఒకసారి."

మోకాలు పటపటమంది. శివజ్యోతి ముందు వరుసలో నిలబడి ఉంది. రెప్ప వేయలేదు.

"మూడుసార్లు!" వీరభద్ర కేక పెట్టాడు. "మూడుసార్లు చెప్పినాడు. ఈ లోడు పోనీ అన్నా. తాగలేదు, ఆయప్ప తాగలేదు, నేనే రాయించినా..."

సీఐ ముందుకు వంగి, పక్కనున్న కానిస్టేబుల్‌తో, "రాయి" అన్నాడు.

రాయడం అరగంట పట్టింది. ముహూర్తం ఎప్పుడో దాటింది. పిల్ల ఇప్పుడు పిల్లంత బరువే ఉంది, కానీ దించాలన్న సంగతి వీరభద్రకు గుర్తులేదు. కాగితం తెచ్చి పెన్ను చేతికిస్తుంటే వలి లేచాడు.

"సంతకం వద్దు సార్. వేలిముద్ర వేయించండి. మొత్తం పైకి చదివి వినిపించి వేయించండి."

"ఆయన చదువుకున్నోడయ్యా" అన్నాడు సీఐ.

"నేనూ చదువుకున్నోన్నే సార్. అందుకే చెప్తాండా. నాది కూడా రాయండి. నాదీ వేలిముద్రే."

కానిస్టేబుల్ గట్టిగా చదివాడు. షామియానా చివర నిలబడ్డ రామాంజి పెళ్లాందాకా వినపడింది. వీరభద్ర బొటనవేలు సిరాలో ముంచి ఒత్తాడు. తర్వాత వలి ఒత్తాడు. ఒత్తి, రూతమ్మను ఒంటిచేత్తో లేపి భుజాన వేసుకున్నాడు.

నలభై రోజులకు జయరాజ్ వచ్చాడు.

పొద్దున ఏడున్నర. వలి అరుగు మీద కూర్చున్నాడు. ఆ నలభై రోజులూ శివజ్యోతి పిల్లలను తెస్తూనే ఉంది, "పోయొస్తా" అనడం మాత్రం మానేసింది. ఈరోజు రూతమ్మ తండ్రి చంకలో వచ్చింది. దానియేలు ముందు పరిగెత్తుతున్నాడు. శివజ్యోతి వెనక, సంచితో.

వలి లేచి నిలబడ్డాడు. జయరాజ్ జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి, మెడ సన్నబడింది.

"కూచ్చో మామా" అన్నాడు జయరాజ్. "నాకు నీమీద ఏం కోపం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ..."

మాట మధ్యలోనే అతని భుజం ఒకవైపుకు ఒరిగింది. రెండో చెయ్యి కూడా పిల్ల కింద వేశాడు. మెడ నరాలు తేలాయి. వలి చూశాడు. సోమక్క బొరుగుల గరిటె ఆపి చూసింది. జయరాజ్ పళ్లు బిగబట్టి కాసేపు మోశాడు, ఇక మోయలేకపోయాడు.

"ఉండాది" అన్నాడు. "శానా ఉండాది మామా."

రూతమ్మ తేలికై తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఉండనీ" అన్నాడు వలి. చేతులు చాచి పిల్లను అందుకున్నాడు. "సంగటి గిన్నె ఈడ పెట్టి పనికి పోండి. పొద్దెక్కుతాండాది."